జవాబు ఎంత దూరంలో ఉంది?

జ్వరాల చరిత్ర – 12వ భాగం

2020 మార్చి మొదటి వారంలో కలబురగిలో ఒక పెద్దాయనకు జ్వరం వచ్చింది. కొద్ది రోజుల కిందటే సౌదీ నుంచి తిరిగొచ్చిన మనిషి. గొంతులోంచి నమూనా తీసి బెంగళూరు ల్యాబుకు పంపారు. ఈలోగా ఆయన్ని హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడి నుంచి వెనక్కి తెస్తుండగా 10వ తేదీ రాత్రి దారిలోనే ప్రాణం పోయింది. కోవిడ్ అని బెంగళూరు ఫలితం తేలింది 12న. మన దేశంలో కోవిడ్ మరణంగా నమోదైన మొదటి మరణం అదే.

మనిషి తూర్పుకు పోయాడు, ఆయన నమూనా దక్షిణానికి పోయింది. రెండూ వందల కిలోమీటర్ల ప్రయాణాలు. జవాబు వచ్చేసరికి రోగి లేడు.

బళ్లారి వాళ్లకు ఇది పరాయి ఊరి కథ కాదు. మా ఊళ్లోని గాంధీనగర్ నుంచి లెక్కేస్తే ఇటు బెంగళూరైనా అటు హైదరాబాదైనా 300 కిలోమీటర్ల పైమాటే. బోర్డులు కన్నడంలో ఉండి బేరాలు తెలుగులో సాగే ఊరు మాది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం, గుంతకల్లు వైపు నుంచి జబ్బు చేసినవాళ్లు రాష్ట్రం దాటి, జనం విమ్స్ అని పిలిచే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి వస్తారు. విమ్స్‌లో తేలనిది బెంగళూరుకో హైదరాబాదుకో పోతుంది. రోగి ఉన్న చోటుకూ రోగం పేరు చెప్పే చోటుకూ మధ్య ఉన్న ఈ దూరం గురించే ఈ వారం రాస్తున్నాను. నూట పాతికేళ్లలో అది ఎలా తగ్గుతూ వచ్చింది, ఇప్పుడు ట్రాన్సిస్టర్ అనే చీమతల కన్నా చిన్న పరికరం మిగిలిన దూరాన్ని కూడా చెరిపేస్తుందా అన్నది చూద్దాం.

మొదట చేతులే పరికరాలు. 1896లో బొంబాయిలో బయటపడ్డ ప్లేగు రైలెక్కి దక్కను లోపలికి వచ్చింది. హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు ఒకే ఇనుపదారి మీది ఊళ్లు కాబట్టి ఆ శతాబ్దం ముగిసేలోపే రోగం మన గుమ్మంలో ఉంది. మద్రాసు రాజధాని మొత్తంలో ప్లేగు దెబ్బ గట్టిగా తిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1897లో తెచ్చిన అంటురోగాల చట్టం అధికారుల చేతికి పెద్ద కర్రే ఇచ్చింది. రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని దించి, నుదురు తాకి చూసి, చంకల్లో గజ్జల్లో బిళ్ల కట్టిందేమోనని వేళ్లతో తడిమేవారు. ఆడవాళ్లను పరాయి మగవాళ్లు అలా ముట్టుకోవడం మీద దేశమంతా మండిపడింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ పరీక్ష చేసేవాడి చేతిలో అంతకన్నా మెరుగైన సాధనం ఏదీ లేదు. ప్లేగు క్రిమిని 1894లోనే హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ చూశాడు. చూస్తే ఏం, ఆ చూపు మన ప్లాట్‌ఫారం దాకా రాలేదు. బిళ్ల లేచేసరికి రోగం ఒంట్లో చేరి రోజులు గడిచి ఉండేవి. జనం తమకు తెలిసిన ఉపాయమే పట్టుకున్నారు: ఎలుక రాలగానే ఊరు ఖాళీ చేసి తోటల్లో, చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. రోగం వచ్చిందని చెప్పే సాధనం ఆ రోజుల్లో చచ్చిన ఎలుకే. అది డాక్టరు వేళ్ల కంటే ముందు చెప్పేది కూడా.

తర్వాతి మెట్టు సూక్ష్మదర్శిని. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని చూసిన కథ ఈ ధారావాహికలో ఇదివరకే చెప్పుకున్నాం. ఇక్కడ కావలసింది ఆ పద్ధతి. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, రంగు వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడటం. ఇప్పటికీ మలేరియాకు ప్రమాణం అదే. దాన్ని మించిన నమ్మకమైన పరీక్ష చౌకలో మరొకటి లేదు. అయితే దానికి శిక్షణ పొందిన కన్ను కావాలి, ఆ కన్ను అలసిపోకూడదు.

1953 మా జిల్లాకు పెద్ద సంవత్సరం. తుంగభద్ర ఆనకట్ట పూర్తయి నీళ్లు కదిలాయి. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు పోగా తక్కిన బళ్లారి మైసూరులో కలిసింది. అదే ఏడు దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఎండు నేలకు కాలువ నీళ్లు వచ్చిన చోట దోమ కూడా వస్తుంది. గోడలకు డీడీటీ కొట్టారు. 1958 నుంచి నియంత్రణ పేరు నిర్మూలనగా మారింది. మలేరియా వర్కర్లు పదిహేను రోజులకొకసారి ఇల్లిల్లూ తిరిగి, జ్వరమన్న ప్రతి మనిషి దగ్గరా రక్తపు పూత తీసుకుని, గోడ మీద తేదీ రాసి పోయేవారు. ఆ తేదీల పట్టీలు గుర్తున్నవాళ్లు మా తరంలో ఇంకా ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మందికి మలేరియా సోకుతోందని, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. లోకం చూసి ముచ్చటపడ్డ విజయం అది. పదకొండేళ్లు తిరిగేసరికి, 1976లో, 64 లక్షలు దాటాయి. దోమలు డీడీటీకి అలవాటుపడ్డాయి, మందు సరఫరా తప్పింది, నిధులు సన్నగిల్లాయి. వీటి పక్కన ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని జనం అంతగా చెప్పుకోరు. ల్యాబుల్లో స్లైడులు గుట్టలుగా పేరుకుపోయాయి. ఊళ్లో తీసిన పూత పట్నంలో చూసి, మలేరియా అని తేల్చి, ఆ కబురు మళ్లీ ఊరికి చేరేసరికి వారాలు. అంతలో ఆ జ్వరం మనిషి రక్తం తాగిన దోమ పక్కింటివాళ్లను కుట్టేసేది. చేతిలో విద్య ఉండి, మందు ఉండి, జవాబు ఆలస్యమై ఓడిపోవడం అంటే ఇదే. ఈ చరిత్ర తెలిసినవాళ్లు కొత్త పరీక్ష ఏదొచ్చినా మొదట ఒకే ప్రశ్న అడగాలి: ఫలితం ఎక్కడ తేలుతుంది?

ఇక ట్రాన్సిస్టర్ దగ్గరికి వద్దాం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పని చేయించారు. వాళ్ల బృందానికి పెద్ద విలియం షాక్లీ. మన కథకు కావలసింది మాత్రం అదే ల్యాబులో 1959–60లో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ చేసిన రకం. ఇవాళ మన ఫోన్లలో కోట్ల లెక్కన ఉన్నది అదే. సిలికాన్ ముక్కలో ఒక సన్నని బాట ఉంటుంది. ఒక కొసన కరెంటు లోపలికి వచ్చి, రెండో కొసన బయటికి పోతుంది. బాట మీద గాజులాంటి పలుచటి పొర, దాని మీద లోహపు పూత. ఆ పూతనే గేటు అంటారు. గేటు మీద విద్యుదావేశం కొంచెం మారితే కింది బాటలో కరెంటు చాలా మారుతుంది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) మీద లస్కరు షట్టరును రెండు మరలు తిప్పితే దిగువన పొలాల్లో నీళ్లు మారిపోయినట్టే. పైన కదిలేది కొంచెం, కింద కనబడేది ఎక్కువ. ఈ గుణం వల్లే ట్రాన్సిస్టర్ బలహీనమైన సంకేతాన్ని పెంచగలుగుతుంది.

దీన్ని వైద్యానికి తిప్పినవాడు నెదర్లాండ్స్‌లోని ట్వెంటెలో పనిచేసిన పీట్ బెర్గ్‌వెల్డ్. 1970లో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. నరాల్లో కదిలే సంకేతాలను కొలవాలన్నది ఆయన ఉద్దేశం. అందుకు చేసింది వినడానికి చాలా సులువు: ట్రాన్సిస్టర్ మీది లోహపు గేటును తీసేసి, కింది పొరను నేరుగా ద్రవంలో ముంచాడు. ఇప్పుడు గేటు పని ద్రవమే చేస్తుంది. ద్రవంలోని హైడ్రోజన్ అయాన్లు పొర మీద అతుక్కుంటే ఒక ఆవేశం, వదిలిపోతే ఇంకొకటి. అంటే ద్రవం పుల్లదనం మారితే కరెంటు మారుతుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు అప్పటిదాకా తేమ సోకకుండా కాపాడుకుంటూ వచ్చిన పరికరాన్ని ఆయన చేజేతులా తడిపాడు. ఈ రంగంలో ఇంతకన్నా ధైర్యమైన పని తర్వాతి యాభై ఏళ్లలో ఎవరూ చేయలేదని నా అభిప్రాయం.

పుల్లదనం కొలిచేది రోగాన్ని ఎలా పడుతుంది? పొర మీద ఒక వైరస్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలను అతికిస్తారు. చుక్క వేస్తారు. వైరస్ ఉంటే యాంటీబాడీకి తగులుకుంటుంది. వైరస్ పైపొరకు ఎంతో కొంత విద్యుదావేశం ఉంటుంది కాబట్టి బాటలో కరెంటు ఉలిక్కిపడుతుంది. రంగు వేయనక్కర్లేదు, కోట్ల ప్రతులు తీయనక్కర్లేదు, భూతద్దం అక్కర్లేదు. 2004లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం సిలికాన్ నానోతీగలతో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ఇలా పట్టి చూపింది. ఒక్కొక్క వైరస్ వచ్చి తగులుకున్నప్పుడు కరెంటు మెట్టు దిగినట్టు మారడం, విడిపోయినప్పుడు మళ్లీ యథాస్థానానికి రావడం వాళ్లు చూశారు. ఒక్క వైరస్! ల్యాబులో అంత సున్నితంగా పనిచేసినది ఇరవై ఏళ్లయినా మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎందుకు రాలేదన్నదే ఈ చరిత్రలో అసలు ముడి.

ముడి ఉప్పులో ఉంది. మన రక్తం ఉప్పు నీరు. అందులోని సోడియం, క్లోరైడ్ అయాన్లు ఎక్కడ ఆవేశం కనబడితే అక్కడ గుమిగూడి దాన్ని కప్పేస్తాయి. ఆ కప్పు ఎంత దూరంలో పడుతుందన్న లెక్క 1923లోనే పీటర్ డిబై, ఎరిక్ హ్యూకెల్ తేల్చిపెట్టారు. రక్తంలాంటి ద్రవంలో అది ఒక నానోమీటరు కూడా ఉండదు. యాంటీబాడీ పొడవేమో 10 నానోమీటర్ల ప్రాంతం. అంటే యాంటీబాడీ కొసన వైరస్ తగులుకుని ఉన్నా, దాని ఆవేశం ట్రాన్సిస్టర్ దాకా చేరకముందే ఉప్పు మింగేస్తుంది. బళ్లారికీ బెంగళూరుకూ మధ్య ఉన్న వందల కిలోమీటర్లను తగ్గించాలని బయలుదేరిన పరికరం పదో వంతు మైక్రాన్ కూడా లేని దూరం దగ్గర ఆగిపోయింది.

దీన్ని దాటడానికి చాలా దారులు వెతికారు. లీబర్ బృందంలాగా ఉప్పు తక్కువున్న ద్రవం వాడటం ఒకటి. ల్యాబులో చెల్లుతుంది గాని, వేలు గుచ్చి తీసిన రక్తాన్ని ఊళ్లో ఎవరు శుద్ధి చేస్తారు? యాంటీబాడీల బదులు పొట్టి డీఎన్ఏ పోగులు వాడటం ఇంకొకటి. అవి వైరస్ ముక్కను పట్టుకోగానే ముడుచుకుని ఆవేశాన్ని పొర దగ్గరికి లాగుతాయి. గ్రాఫీన్ పొరను నున్నగా కాకుండా ముడతలు పెట్టి పరిస్తే ఆ మడతల్లో ఉప్పు కప్పు పలచబడుతుందని 2020లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రషీద్ బషీర్ తదితరులు చూపారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి వేరు. అది మళ్లీ బెర్గ్‌వెల్డ్ దగ్గరికే పోతుంది. వైరస్ ఆవేశాన్ని కొలవాలన్న పట్టుదల వదిలేసి, క్రిమి జన్యువు ప్రతులు పెరిగేటప్పుడు ఏం జరుగుతుందో చూడటం. డీఎన్ఏ గొలుసుకు కొత్త అక్షరం అతుక్కున్న ప్రతిసారీ ఒక హైడ్రోజన్ అయాను విడుదలవుతుంది. ప్రతులు పెరిగేకొద్దీ ద్రవం పుల్లబడుతుంది. పుల్లదనాన్ని పసిగట్టడమే 1970 నాటి పరికరం పుట్టుకతో వచ్చిన విద్య. ఉప్పు కప్పు దానికి అడ్డం రాదు, ఎందుకంటే హైడ్రోజన్ అయాన్లు తామే వచ్చి పొరను తాకుతాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో క్రిస్ టౌమజూ ఈ దారి పట్టాడు. అమెరికాలో జోనథన్ రోత్‌బర్గ్ బృందం ఇదే సూత్రంతో లక్షల ట్రాన్సిస్టర్ల చిప్ మీద మనిషి జన్యుక్రమాన్ని చదివి 2011లో ప్రచురించింది. ఆ మనిషి గార్డన్ మూర్, ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏళ్ల లెక్కన రెట్టింపవుతుందని చెప్పినాయన. ఇంపీరియల్‌లోనే పాంటెలిస్ జార్జియూ బృందం 2019లో ఇలాంటి చిప్‌తో ఫాల్సిపారం రకం మలేరియాను 20 నిమిషాల లోపు పట్టడమే కాక, ఆ క్రిమి ఆర్టెమిసినిన్ మందుకు లొంగుతుందా లేదా అన్నది కూడా చెప్పగలిగింది. ఒక్క పూత చూసి సూక్ష్మదర్శిని ఈ రెండో జవాబు చెప్పలేదు.

కోవిడ్ ఈ రంగాన్ని ఒక్కసారిగా వీధిలోకి లాగింది. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు గ్రాఫీన్ ట్రాన్సిస్టర్ మీద కరోనా ముల్లు ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీలు అతికించి, రోగుల ముక్కు నమూనాల్లోనే మిల్లీలీటరుకు సుమారు 242 వైరస్ ప్రతుల దాకా పసిగట్టామని ప్రకటించారు. అదే ఏడు జూన్‌లో మా పక్కన తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో కోవిడ్ గుంపుగా బయటపడి జిల్లా అంతా పరీక్షల కోసం బారులు తీరింది. ఆ నెలలోనే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు శివ్ గోవింద్ సింగ్ బృందం ఆర్‌టీపీసీఆర్ అవసరం లేకుండా 20 నిమిషాల్లో ఫలితమిచ్చే కిట్ తయారుచేసిందనీ, దాని ఖర్చు 550 రూపాయలనీ, ఎక్కువ సంఖ్యలో చేస్తే 350కి దిగుతుందనీ చెప్పారు.

ఆ కిట్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అదే బృందం అంతకు ముందు పడ్డ శ్రమ మలేరియా మీద. 2016, 2017ల్లో వాళ్లు జింక్ ఆక్సైడ్‌తో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు తీసి, వాటి మీద యాంటీబాడీలు అతికించి, ఫాల్సిపారం క్రిమి రక్తంలోకి వదిలే హెచ్ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ను పట్టి చూపారు. 2017లో చేసినది గేటు లేని పరికరం. రెండు కొసల మధ్య పోగుల నిరోధం ఎంత మారిందో కొలుస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే ట్రాన్సిస్టర్ కాదు, దాని దాయాది. రాస్ దోమను కోసిన సికిందరాబాదుకు కంది ఎంతో దూరం లేదు. సూక్ష్మదర్శినితో మొదలైన వెతుకులాట అదే ప్రాంతంలో పోగుల మీదికి చేరడం తెలుగు నేల చరిత్రలో రాసుకోదగ్గ సంగతి.

ఇంత జరిగినా, అప్పట్లో సరిహద్దు ఊళ్లకు నిజంగా దగ్గరికి వచ్చింది ఇవేవీ కావు. క్షయ కోసం గోవాలోని మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్ వచ్చింది. బ్యాటరీతో నడిచే పెట్టె. అందులో ట్రాన్సిస్టర్ సెన్సరు లేదు. జన్యువుకు కోట్ల ప్రతులు తీసే పాత పీసీఆర్ విద్యనే చిన్న చిప్ మీదికి కుదించి, కాంతితో చదువుతుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ క్షయ విభాగంలోని ఆ యంత్రాలనే కోవిడ్‌కు మళ్లించింది. అది గెలిచిందంటే కారణం సున్నితత్వం కాదు. కరెంటు పోయినా ఆగదు, నమూనా తయారీకి కావలసినవన్నీ దాంతోపాటే వస్తాయి, చెడితే బాగుచేసే మనిషి ఉన్నాడు. ట్రాన్సిస్టర్ సెన్సర్లు చేసేవాళ్లు ఈ మూడూ నేర్చుకోకుండా ఎన్ని వ్యాసాలు రాసినా మా ఊరికి ఒరిగేది లేదు.

వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. ద్రవంలో మునిగిన ట్రాన్సిస్టర్ ఊరుకుండదు. గంటలు గడిచేకొద్దీ వైరస్ లేకపోయినా దాని కరెంటు మెల్లగా జరిగిపోతుంది. ఉష్ణోగ్రత మారితే మారుతుంది. రక్తంలోని అక్కర్లేని ప్రొటీన్లు పొరను పట్టుకుని మురికి చేస్తాయి. ఒకే పలక మీద చేసిన వంద గ్రాఫీన్ ముక్కలూ ఒకేలా ప్రవర్తించవు. నాలుగు గోడల మధ్య, ఏసీ గదిలో, శుద్ధమైన ద్రవంలో వచ్చిన ఫలితానికీ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన గదిలో వచ్చే ఫలితానికీ పొంతన ఉండాలంటే చాలా పని మిగిలి ఉంది.

అయినా ఈ దారి వదలకూడదంటాను. వానలు పడ్డాక మా దగ్గర వచ్చే జ్వరాలు చూడండి. డెంగ్యూ, చికున్‌గున్యా, మలేరియా, టైఫాయిడ్ అన్నీ మొదటి మూడు రోజులు ఒకే ముఖంతో వస్తాయి. డెంగ్యూకు తొలి రోజుల్లో ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ చూడాలి, ఐదారు రోజులు దాటితే యాంటీబాడీలు చూడాలి. ఒక్కో జబ్బుకు ఒక్కో పరీక్ష కార్డు, ఒక్కో ఖర్చు. కూలికి పోయే మనిషి అన్నీ చేయించలేడు, డాక్టరు ఊహించి మందు రాస్తాడు. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది. ఒకే చిప్ మీద పక్కపక్కనే వందల ట్రాన్సిస్టర్లను నిలిపి, ఒక్కో గుంపుకు ఒక్కో క్రిమిని పట్టే పని అప్పజెప్పి, ఒకే చుక్కతో అన్నిటినీ అడగటం సిలికాన్‌కు సహజంగా అబ్బే పని. స్లైడుకు గాని కార్డుకు గాని అది అంత సులువు కాదు.

కాబట్టి ఇలాంటి పరికరం ఏది తయారైనా దాని అసలు పరీక్ష సరిహద్దు జిల్లాల్లో జరగాలి. విమ్స్‌కు రెండు రాష్ట్రాల జ్వరాలూ వస్తాయి. ఎండా, దుమ్మూ, కరెంటు కోతలూ సహజంగానే ఉన్నాయి. ఒకే రోగి వేలి నుంచి తీసిన రక్తంలో ఒక చుక్క చిప్ మీద, ఒక చుక్క గాజు పలక మీద వేసి, మే నెలలో ఒక విడత, ఆగస్టులో ఒక విడత రెండింటి జవాబులూ పక్కపక్కన రాయాలి. తప్పిన జవాబులతో సహా అచ్చు వేయాలి. సిరుగుప్ప నుంచి ఆలూరు దాకా కాలువ పక్క ఊళ్లలో ఆ పని మొదలైతే, 1976లో స్లైడుల గుట్టల కింద పోగొట్టుకున్న వారాల లెక్క అప్పుడైనా ఒకరు తీసి చూస్తారు.

వచ్చే భాగంలో: బళ్లారి ప్లేగు గుడిసెల నుంచి హాఫ్‌కిన్ టీకా దాకా.